బండా, బడ్డీనా, కొట్టా, అరుగా: ఒడిశా సరిహద్దు ఊళ్లలో వీధి టిఫిన్ పెట్టేవాళ్లకు

మా పిన్ని ఇంటి ముందు గొడవ ముగ్గు దగ్గర మొదలైంది. బరంపురంలో వాళ్ల వీధిలో, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఒక ఇడ్లీ బండి వచ్చి చేరింది. ఆరు నెలలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పిన్ని కూడా ఒంట్లో బాగోలేని రోజున అక్కణ్ణుంచే నాలుగు ఇడ్లీలు తెప్పించుకునేది. ఒక శుక్రవారం పొద్దున ఆ బండతను ప్లేట్లు కడిగిన బకెట్టు నీళ్లు కాలవలో పోయబోయి రోడ్డు మీద పోశాడు. నీళ్లు పల్లం చూసుకుని వచ్చి, అప్పుడే వేసిన చుక్కల ముగ్గు మీదుగా పోయాయి. చెరిగిన ముగ్గు మీద ఒక కరివేపాకు రెబ్బ, నాలుగు శనగపప్పు బద్దలు మిగిలాయి.

"ఏటి బాబూ ఇది, శుక్రవారం పూట?" అంది పిన్ని.

"జాగా నీదేటమ్మా? సర్కారుది" అన్నాడతను.

నీళ్లకి సారీ చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. ఆ మాటతో వారం తిరక్కుండా, బండి తీసేయమని పదకొండు ఇళ్ల సంతకాలతో కార్పొరేషన్‌కి కాగితం వెళ్లింది.

మరుసటి ఏడు మా బావమరిది టిఫిన్ పెడతానని నా వెంట పడ్డాడు. అలా ఒకే తగువుని ఒకసారి గుమ్మం లోపలి నుంచి, ఇంకోసారి పొయ్యి వెనక నుంచి చూడాల్సి వచ్చింది. బరంపురమే కాదు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడ మనవాళ్లవి నాలుగు వీధులున్నా తెల్లారేసరికి ఇడ్లీ ఆవిరి లేస్తుంది. దాని వెనకే ఇలాంటి కాగితమూ లేస్తుంది. వాడితో ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు తెలిసిందీ, తిరగకముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించిందీ రాస్తున్నాను.

ఫుట్‌పాత్ మీదో, దాన్ని ఆనుకునో నలుగురు తినే చోటు పెట్టాలంటే దారులు నాలుగు. తోపుడు బండి పెట్టుకుని వెండింగ్ సర్టిఫికెట్, అంటే వీధిలో అమ్ముకోవడానికి అనుమతి కాగితం, తీసుకోవచ్చు. వీధి వ్యాపారులకని మున్సిపాలిటీ చూపించిన వెండింగ్ జోన్‌లో బడ్డీ పెట్టుకోవచ్చు. కొట్టు అద్దెకు తీసుకుని ముందు ఫుట్‌పాత్ మీద కుర్చీలు వేయొచ్చు. లేదంటే ఎవరి ఇంటి అరుగైనా మాట్లాడుకోవచ్చు. పెట్టుబడి, జనం రాక, అద్దె, అందరూ చూసేది ఈ మూడే. నా మటుకు నేను ముందు చూసేది, మీరు నిలబడే చోటికి వెనక ఎవరు ఉంటున్నారన్నది.

తోపుడు బండి

వీధి వ్యాపారుల కోసం కేంద్రం 2014లో ఒక చట్టం తెచ్చింది, ఆ ఏడు మే 1 నుంచి అమల్లో ఉంది. మనం బండివాడు అనేవాణ్ణి ఇక్కడి ఒడియా వాళ్లు ఉఠా దొకాని అంటారు. ఇద్దరికీ చట్టం ఒకటే. దాని ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. కార్పొరేషన్లో అయితే కమిషనరు, చిన్న ఊళ్లలో అక్కడి ముఖ్య అధికారి దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది బండ్లవాళ్లు, వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లు, అందులోనూ మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ట్రాఫిక్ పోలీసులకీ, కాలనీ సంఘాలకీ కూడా అందులో చోటుంది. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఐదేళ్లకు ఒకసారైనా సర్వే చేసి, ఉన్నవాళ్లందరినీ లెక్క రాసి సర్టిఫికెట్లు ఇవ్వాలి. జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటివ్వాలని నియమం. 2011 జనాభా లెక్కల్లో బరంపురం మూడున్నర లక్షలు దాటింది. ఆ లెక్కన తొమ్మిది వేలకు కాస్త తక్కువ. పెద్ద అంకెలా కనిపిస్తుంది కానీ కూరగాయలు, పూలు, చెప్పులు, పానీపూరి, పాత బట్టలు, అన్నీ అందులోకే వస్తాయి. సర్వే అయిపోయాక కొత్తగా పెట్టేవాడికి దారి మూసుకుపోలేదు. చోటు మిగిలి ఉంటే కమిటీ మధ్యలో కూడా ఇవ్వొచ్చు. ఇచ్చి తీరాలని మాత్రం లేదు.

కాగితం చేతిలో ఉంటే వచ్చే లాభం చిన్నది కాదు. ఉన్న చోటి నుంచి లేపాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను ఎత్తుకుపోతే ఏమేం ఎత్తుకుపోయారో జాబితా రాసి ఇవ్వాలి. ఫీజు కట్టాక పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిరోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఇడ్లీ పిండి పాడైపోయే సరుకే, ఆ మాట అక్కడే నిలబడి అడగాలి. సర్టిఫికెట్ ఉన్నవాడు వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి అప్పుకూ వెళ్లొచ్చు. 2020లో ఆ పథకం పదివేలతో మొదలైంది, 2025లో మొదటి విడతను 15 వేలకు పెంచారు. అది తీర్చినవాళ్లకు 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. ఒక బండి, రెండు పొయ్యిలు, ఇడ్లీ పాత్ర కొనుక్కునేవాడికి మొదటి విడత చేతికి ఆసరా.

షరతులూ ఉన్నాయి. బండి మీరుగానీ మీ ఇంట్లోవాళ్లుగానీ నడపాలి. మీకు వేరే బతుకుతెరువు ఉండకూడదు. సర్టిఫికెట్‌ను ఎవరికీ అద్దెకివ్వకూడదు. పగలు ఎక్కడో ఉద్యోగం చేస్తూ, పొద్దున పూట బండి మీద కుర్రాణ్ణి పెట్టి నడిపిద్దామనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు, ఈ దారి మీది కాదు. చట్టంలోనే ఇంకో మాట ఉంది: ఈ కాగితం వల్ల ఆ జాగా మీద శాశ్వత హక్కు ఏదీ రాదు. రైల్వే స్థలానికి అసలు ఈ చట్టమే వర్తించదు. స్టేషన్ గేటు పక్కన జనం బాగా ఉంటారని సంబరపడేముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి. మున్సిపాలిటీ కాగితం అక్కడ పనికిరాదు.

కాగితాన్ని చదివించుకోండి, చదవడం రాకపోతే. నాకు తెలిసిన ఒకాయన ఏళ్లుగా ఒకే చెట్టు కింద నిలబడేవాడు. సర్టిఫికెట్ వచ్చిందని లామినేషన్ చేయించి బండికి వేలాడదీశాడు. ఓ రోజు లేపేస్తామని వస్తే గర్వంగా అదే చూపించాడు. అందులో ఒడియాలో 'భ్రామ్యమాణ' అని ఉంది. అంటే తిరుగుతూ అమ్ముకునేవాడు. ఇతను ఒడియా గడగడా మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. మనలో సగం మంది సంగతి అంతే. దరఖాస్తులోనే 'ఒకే చోట' అన్న వర్గం రాయించుకుని ఉంటే ఆ రోజు నోరు పెగిలేది.

వెండింగ్ జోన్‌లో బడ్డీ

ఇది వెనకింటి గొడవ లేని దారి. జోన్ ఎక్కడని నిర్ణయించేటప్పుడే మామూలుగా ఇళ్లకు కాస్త దూరంగా చూస్తారు. మన ఒడిశాలో భువనేశ్వర్ నగరం, చట్టం రాకముందే, 2007 ప్రాంతంలోనే, ఇలాంటి జోన్లు కట్టడం మొదలుపెట్టింది. వరసగా ఒకే రంగు బడ్డీలు, పైన రేకు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఇబ్బంది ఏమిటంటే, టిఫిన్ అనేది దారిలో తగిలితే తినే సరుకు. చీర కొనడానికి మనిషి ఆస్కా రోడ్డు నుంచి గిరి మార్కెట్ దాకా వెళ్తాడు; రెండు గారెల కోసం వెళ్లడు. ఆఫీసులకీ, బస్టాండుకీ, ఆస్పత్రికీ వెళ్లే దారి మీద జోన్ పడితే కళ్లకద్దుకుని తీసుకోండి. ఊరి చివర ఖాళీ స్థలంలో పడితే చాట్, చైనీస్ పెట్టే సాయంత్రం వాళ్లకు వదిలేయండి. మెడికల్ కాలేజీ దగ్గర్లాంటి చోటయితే రెండు పూటలా నడుస్తుంది. ఇంతకు మించి దీని గురించి చెప్పేదేం లేదు.

కొట్టు, ముందు కుర్చీలు

అందరూ పడే గొయ్యి ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

చూడ్డానికి ఇదే అన్నిటికన్నా గౌరవంగా ఉంటుంది. పైన బోర్డు, లోపల నాలుగు బల్లలు, బయట ఫుట్‌పాత్ మీద ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు స్టూళ్లు. ఇప్పుడు కేఫ్ అని పేరు పెట్టి, లైట్ల తోరణం కట్టి, ఫిల్టర్ కాఫీ గ్లాసు అరవై రూపాయలకు అమ్ముతున్న కుర్రాళ్లదీ ఇదే పద్ధతి. ట్రేడ్ లైసెన్సు ఉంది, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ గోడకు తగిలించాం, ఇంకేం కావాలి అనుకుంటారు.

ఆ లైసెన్సు కొట్టు గోడల దాకానే. గడప దాటిన ఫుట్‌పాత్ మీద మీకు ఏ హక్కూ లేదు. ఆ హక్కు కాస్తో కూస్తో ఇచ్చిన 2014 చట్టం వేరే బతుకుతెరువు లేని బండివాడి కోసం పుట్టింది, కొట్టు ఓనరు కోసం కాదు. అంటే మీ గుమ్మం ముందు, మీ కొట్టులో పావు వంతు జాగాలో, సర్టిఫికెట్‌తో నిలబడ్డ బండివాడు మీ కన్నా గట్టిగా నిలబడి ఉన్నట్టు. పెద్ద కొట్లవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. రోడ్డు పక్కన అమ్ముకునే హక్కుకి కూడా రాజ్యాంగంలో చోటుందని సుప్రీంకోర్టు సోదన్ సింగ్ కేసులో 1989లోనే చెప్పింది. దానికి తగిన ఆంక్షలు పెట్టొచ్చని కూడా చెప్పింది. కుర్చీలు వేసిన కొట్టువాడు మాత్రం ఆక్రమణ కింద లెక్క. బరంపురంలో 2003 నాటి ఒడిశా మున్సిపల్ కార్పొరేషన్ చట్టం, పర్లాకిమిడి, రాయగడ లాంటి మున్సిపాలిటీల్లో 1950 నాటి చట్టం చూస్తారు. ముప్పై రోజుల నోటీసు లాంటి మర్యాదలు బండివాడికిచ్చినట్టు మీకివ్వరు.

మా బావమరిది మొదట చూసింది ఇలాంటి కొట్టే. మంచి కూడలి. ఓనరు అద్దె చెప్పి, ఆ తర్వాత గొంతు తగ్గించి, "ముందు జాగాకి ఇంకో రెండు వేలు" అన్నాడు. ముందు జాగా అంటే ఫుట్‌పాత్. ఊరందరి నేలకి తను అద్దె అడుగుతున్నాడు. "రసీదు ఇస్తారా బాబాయ్?" అని మావాడు అమాయకంగా అడిగాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అలా నవ్వే ఓనరు, రేపు జేసీబీ వచ్చినప్పుడు ఇంట్లో ఉండడు.

మర్నాడు పొద్దున ఐదున్నరకి ఇద్దరం టేపు పట్టుకుని వెళ్లాం. ఫుట్‌పాత్ గోడ నుంచి అంచు దాకా ఏడున్నర అడుగులు. అందులో కరెంటు స్తంభం ఒకటి, కాలవ మూత ఒకటి. నడిచేవాళ్లకు అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఆరడుగులు. మిగిలేది అడుగున్నర. అడుగున్నరలో కుర్చీ పడుతుంది, కూర్చున్నవాడి మోకాళ్లు పట్టవు. ఆ టేపు మడిచి జేబులో పెట్టుకుని, ఎదురుగా ఉన్న బండి దగ్గర టీ తాగి వచ్చేశాం. మీరు ఏ కొట్టుకైనా అడ్వాన్సు ఇచ్చేముందు ఈ పదిహేను రూపాయల పని చేయండి. టీతో కలిపి.

లెక్క కూడా వేసుకోండి. అద్దె తొమ్మిది వేలనుకుంటే రోజుకు మూడొందలు. ప్లేటు మీద పది రూపాయలు మిగిలితే ముప్పై ప్లేట్లు ఓనరుకే. కరెంటు, పనివాళ్లు ఆ తర్వాత. లోపలి నాలుగు బల్లలతో అది తేలితే కొట్టు తీసుకోండి. బయటి కుర్చీలు వేస్తేనే తేలుతుందంటే వద్దు, ఎందుకంటే అవి ఏ రోజైనా పోయేవే.

బయట బల్లల తగువు మన ఊళ్లకే పరిమితం కాదు. న్యూయార్క్‌లో 2020లో కరోనా వేళ హోటళ్లకు రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద బల్లలు వేసుకోనిచ్చారు. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు చప్పుడనీ, ఎలుకలనీ కోర్టుకెక్కారు. చివరికి 2023లో స్థానిక చట్టం చేసి, రోడ్డు మీది బల్లలు ఏప్రిల్ నుంచి నవంబరు దాకానే అన్నారు. ఫుట్‌పాత్ మీదవి ఏడాదంతా ఉండొచ్చు, కానీ రుసుము, కొలతలు, ఆ పేటవాళ్లతో ఉండే కమ్యూనిటీ బోర్డు అభిప్రాయం, అన్నీ కావాలి. అక్కడ కనీసం అడగడానికి ఒక కిటికీ ఉంది. మన దగ్గర ఫుట్‌పాత్ కుర్చీకి అలాంటి కిటికీ లేదు, అందుకే పనులు నవ్వుల మీద నడుస్తాయి.

ఇంటి అరుగు

పాత వీధుల్లో మనవాళ్ల ఇళ్లకి అరుగులున్నాయి. కొన్ని గ్రిల్లు వేసి స్కూటర్లకు వదిలేశారు, కొన్ని మూతపడ్డ దర్జీ దుకాణాలు. అది సర్కారు జాగా కాదు, ఇంటివాళ్ల సొంతం. వెండింగ్ కమిటీతో పని లేదు, లేపేస్తారన్న టెన్షన్ లేదు. ట్రేడ్ లైసెన్సూ, ఆహార రిజిస్ట్రేషనూ ఎలాగూ తీసుకోవాలి. అరుగు నిజంగా పట్టాలో ఉందా, కాలవ మీదికి జరిపి కట్టిందా అన్నది మాత్రం చూసుకోండి. తాతల నాటి అరుగులు చాలావాటికి చివరి రెండడుగులు కాలవ మీదే ఉంటాయి.

దీనిలో నాకు నచ్చిన సంగతి వేరే. మీ వెనక ఉండే మనిషే మీ ఓనరు. బండికైతే వెనకింటివాళ్లు తగువుదారులు, ఓనరు ఎవరూ లేరు. కొట్టుకైతే ఓనరు ఊళ్లో మరో చివర ఉంటాడు, పొగ పైఅంతస్తు వాళ్లకి పోతుంది. అరుగు దగ్గర పొగ పీల్చేదీ, అద్దె తీసుకునేదీ ఒక్కరే. వాళ్లకు పడనిది మొదటి రోజే చెబుతారు. పక్కింటివాళ్లు అరిస్తే మీ తరఫున మాట్లాడేదీ వాళ్లే, ఎందుకంటే ఆ వీధిలో వాళ్ల మాట నలభై ఏళ్ల నుంచి చెల్లుతోంది.

లోటు లేదా అంటే ఉంది. ఇంటికి పెళ్లి వచ్చినా, చావు వచ్చినా మీ పొయ్యి ఆగుతుంది. కొడుకు విశాఖ నుంచి వచ్చి అరుగు పగలగొట్టి కారు షెడ్డు కడతానంటే మీరు చేసేదేం లేదు. కనీసం పదకొండు నెలల ఒప్పందం రాసుకోండి. అందులో ఏ గంట నుంచి ఏ గంట దాకా, నీళ్లు ఎక్కణ్ణుంచి, కడిగిన నీళ్లు ఎక్కడికి, కరెంటు సబ్‌మీటరు ఎవరిది అన్నవి ఉండాలి. అద్దె ఎంతన్నది చివర్లో రాసినా పరవాలేదు, గొడవలు దాని మీద రావు.

వెనకింటివాళ్లు దేనికి అరుస్తారు

దరఖాస్తులో రాసేది ట్రాఫిక్ అని. నిజంగా మండేది వేరే. పిన్ని వీధిలో పదకొండు ఇళ్లకీ వెళ్లి నేనే అడిగాను. ఇద్దరు తప్ప ఎవరూ ట్రాఫిక్ మాట ఎత్తలేదు.

అందరూ అన్నది నీళ్ల గురించి. కడిగిన నీళ్లు, పుక్కిలించి ఊసిన నీళ్లు. మూత ఉన్న రెండు డ్రమ్ములు పెట్టుకోండి, ఒకటి మెతుకులకి, ఒకటి నీళ్లకి. నీళ్ల డ్రమ్మును జాలీ ఉన్న కాలవలో ఒంపండి. చెయ్యి కడుక్కునే చోటు బండికి ఇంటివైపు కాకుండా రోడ్డువైపు పెట్టండి. చెప్పడానికి చిన్న మాటే గానీ సగం సంతకాలు దీనితోనే తగ్గుతాయి.

తర్వాత, మగవాళ్లు. టిఫిన్ తిని వెళ్లిపోయేవాళ్లతో తంటా లేదు. తిన్నాక బైకు మీద కూర్చుని సిగరెట్ ముట్టించి అరగంట కబుర్లు చెప్పేవాళ్లతోనే. ఆ ఇంటి అమ్మాయి కాలేజీకి వెళ్లేటప్పుడు వాళ్ల మధ్య నుంచి వెళ్లాలి. దీన్ని ఏ చట్టమూ ఆపదు. సిగరెట్ అమ్మకండి, బైకులు గుమ్మం ముందు పెట్టనివ్వకండి. మా బావమరిది 'ఇక్కడ బైకు పెట్టొద్దు' అని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి, మీద గేటు బొమ్మ కూడా వేయించాడు. సగం మంది చదవరు. వాడు నోటితో చెబుతాడు.

చప్పుడు. శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. ఇళ్ల మధ్య ఆ వేళ హద్దు 45 డెసిబెల్స్. నాలుగున్నరకి గ్రైండరు, ఐదుకి స్టీలు గిన్నెలు మోగించేవాడు తనకి తెల్లారిందనుకుంటాడు, చట్టానికి ఇంకా రాత్రే. పిండి ముందు రోజు సాయంత్రమే రుబ్బుకుని తెచ్చుకోండి.

ఇక ప్లేట్లు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. మన చుట్టూ కొండల్లో అడ్డాకు దొరుకుతుంది, ఒడియా వాళ్లు సియాళి అంటారు, దాని విస్తళ్లు సంతలో చవకే. మంచిదే, కానీ ఎంగిలాకులు మూత లేని డబ్బాలో పడేస్తే ఆవులు వస్తాయి, వాటి వెనక కుక్కలు వస్తాయి. పర్యావరణం పేరు చెప్పి ఆకు వాడి, వీధంతా ఆకులు చేసినవాళ్లని చూశాను. గ్యాసు నీలం సిలిండరే, అంటే 19 కిలోలదే వాడండి. ఇంటి ఎర్ర సిలిండరు బండి కింద కనబడిందంటే, మీరంటే గిట్టని మనిషికి ఫోటో తీసుకునే పని తప్ప వేరే పని ఉండదు.

బరంపురంలో ఠాకురాణి యాత్ర దారిలో చోటు వెతికేవాళ్లకు ఒక మాట. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతర రోజుల్లో అమ్మకం చూసి మిగతా రోజుల చోటు ఎంచుకోకండి. ఆ నెల జనం ఎక్కడ పెట్టినా తింటారు.

మీరే ఆ వెనకింటివాళ్లయితే

మీకూ దారులున్నాయి, వాటిలోనూ మంచీ చెడూ ఉంది. కౌన్సిలరుకి ఫోన్ చేసి బండి ఎత్తించడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా దండగ. సర్టిఫికెట్ ఉన్నవాడు ఫిర్యాదుల కమిటీకి వెళ్తాడు. దానికి అధ్యక్షుడు సివిల్ జడ్జిగానో మెజిస్ట్రేటుగానో పనిచేసిన మనిషి. అక్కడ మీ దగ్గర కోపం తప్ప కాగితం ఉండదు. సర్టిఫికెట్ లేనివాడిని ఎత్తించినా నెలలో ఇంకొకడు వస్తాడు, జనం తినే చోటు ఖాళీగా ఉండదు.

కాలనీ సంఘం ఉంటే దాని పేరుతో వెండింగ్ కమిటీకే రాయండి, ఆ కమిటీలో మీవాళ్లకు కుర్చీ ఉందని చెప్పాను కదా. తీసేయమని అడక్కండి. గంటలు అడగండి, గుమ్మానికి ఎదురు కాకుండా పక్క గోడకి జరపమని అడగండి, డ్రమ్ములు అడగండి. చోటుకి గంటలు పెట్టి ఇచ్చే పద్ధతి చట్టంలోనే ఉంది. ఆ గంటలు అయ్యాక బండివాడు రోజూ సామాను తీసేసి వెళ్లాలి. తీసేయమంటే వాళ్లకు చెప్పడానికి ఒక్కటే జవాబు, కాదని. గంటలడిగితే ఎన్ని గంటలన్నది మాట్లాడక తప్పదు.

సరిహద్దుకి అటూ ఇటూ

గిరిసోల దాటితే ఆంధ్రలోని ఇచ్ఛాపురం. చుట్టాలు రెండు వైపులా ఉన్నారు కాబట్టి చాలామంది అడుగుతారు, ఇక్కడి కాగితం అక్కడ చెల్లుతుందా అని. చెల్లదు. చట్టం కేంద్రానిదే అయినా పథకం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, సర్టిఫికెట్ ఏ ఊరిది ఆ ఊరిదే. ఇంకో సంగతి, ఈ చట్టం పట్టణాలకే. హైవే మీద పంచాయతీ పరిధిలో దాబా ముందు బండి పెట్టేవాడికి ఇందులో రక్షణ లేదు. అక్కడ పంచాయతీ, హైవే వాళ్లు, స్థలం ఓనరు, ముగ్గురితోనూ మాట్లాడుకోవాలి.

నన్నడిగితే

ఇంటిల్లిపాదీ దీని మీదే బతకాలి, చేతిలో పెద్ద డబ్బు లేదంటే బండి. కాగితంలో చోటు రాయించుకుని, ఇంటి గుమ్మానికి కాకుండా బడి ప్రహరీకో, ఆఫీసు గోడకో వీపు పెట్టి నిలబడండి. పొద్దున పదికే తెరిచే ఆఫీసు గోడయితే మరీ మంచిది, వాళ్లు వచ్చేసరికి మీరు సర్దేస్తారు. వేరే ఆదాయం ఉంటే బండి జోలికి పోకండి, అరుగు చూడండి. జోన్ దారి మీద పడితే జోన్. కొట్టు తీసుకుంటే గోడల లోపలి బల్లలకే లెక్క వేసుకుని తీసుకోండి.

మా బావమరిది అరుగే తీసుకున్నాడు. మూతపడ్డ దర్జీ దుకాణం, వెనక డెబ్భై ఏళ్ల మామ్మగారు ఒక్కరే. ఐదున్నర నుంచి పదిన్నర దాకా ఒప్పందం. పిండి రాత్రే వస్తుంది. మొదటి వాయ ఇడ్లీ ఆవిడకి వెళ్లాలని కాగితంలో లేదు గానీ, ఆలస్యమైతే లోపల్నుంచి చేతికర్ర చప్పుడు వినిపిస్తుంది.

పిన్ని ఇంటి ముందున్న బండి నాలుగిళ్లు అవతలికి, బడి గోడ పక్కకి జరిగింది. పొద్దున పది దాటితే ఉండకూడదన్నారు. అతనూ పిన్నీ ఇప్పటికీ మాట్లాడుకోరు. ఒంట్లో బాగోలేకపోతే పిన్ని పక్కింటి కుర్రాణ్ణి పంపి నాలుగు ఇడ్లీలు తెప్పించుకుంటుంది, ఎవరికోసమని చెప్పొద్దంటుంది. కుర్రాడు గిన్నె ఇవ్వగానే అతను చట్నీ రెండు గరిటెలు ఎక్కువే వేస్తాడు. గిన్నె ఎవరిదో అతనికి తెలుసు.